పేరు, పాట, శ్రోత: విజయవాడ ఆకాశవాణి నుండి రెయిన్‌బో కృష్ణవేణి వరకు

ప్రసారకేంద్రం పేరును గుర్తింపు చిహ్నంగా మాత్రమే చూడడం పరిపాటి. కాని పలికేది ఎవరు, వినేది ఎవరు అన్న ప్రశ్నలకు తొలి సమాధానం ఆ పేరులోనే ఉంటుంది. విజయవాడ నుండి వెలువడిన రెండు పేర్లను, వాటితో వచ్చిన పాటను కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. 1935లో మైసూరులో ఎం.వి. గోపాలస్వామి నెలకొల్పిన కేంద్రానికి చెందిన ‘ఆకాశవాణి’ అన్న పేరును తరువాత ప్రభుత్వ ప్రసారసంస్థ స్వీకరించింది. తెలుగువారికి ఈ మాట పురాణ పరిచితం. కంసుణ్ణి హెచ్చరించిన అశరీరవాణి ఒక్కమారు పలుకుతుంది. విన్నవాని మాట కోసం ఆగదు. పేరులోని ఈ ఏకముఖత్వం కేంద్రం సంగీతదృష్టిలోనూ కనిపిస్తుంది. 1952లో బి.వి. కేస్కర్ మంత్రిగా ఉండగా సినిమా పాటలు ప్రసారాల నుండి దాదాపు తొలగిపోయాయి. శ్రోతలు రేడియో సిలోను వైపు మళ్లారు. 1957 అక్టోబరు 3న వివిధభారతి అవతరించింది.

అయితే శ్రోత అభిరుచిని శాసించిన ఈ సంస్థే కొత్త పాటను సృష్టించింది. కవి రాసిన గేయానికి కేంద్రంలోనే బాణీ కట్టి, అక్కడి కళాకారులే పాడగా లలితసంగీతం రూపొందింది. కవి, వాగ్గేయకారుడు, ప్రసారాధికారి ఒక్కరిలోనే కలిసిన బాలాంత్రపు రజనీకాంతరావు ఇందుకు సమగ్ర నిదర్శనం. విజయవాడ భక్తిరంజని ఉదయవేళ ఇళ్లలో వినిపించిన సంప్రదాయంగా నిలిచింది.

102.2 మెగాహెర్ట్జ్ మీద వచ్చిన ‘రెయిన్‌బో కృష్ణవేణి’ పాత పేరును తొలగించి పెట్టినది కాదు. మధ్యతరంగ ప్రసారం పక్కన వెలసిన సంగీతప్రధాన వాహిని. ఇందులో మొదటి పదం దేశమంతటా ఉన్న ఎఫ్.ఎం. శ్రేణిది, రెండవది ఈ నేలది. ఆకాశం నుండి నదికి దిగిన ఈ పేరు స్థానికతను వాగ్దానం చేస్తుంది. వాగ్దానం సగమే నెరవేరింది. ఫోను ద్వారా శ్రోత గొంతు, అతని వాడుక మాట ప్రసారంలోకి వచ్చాయి. ఇది ఆకాశవాణి అన్న పదం ఊహించని మార్పు. ప్రధానంగా వినిపించే సినిమా పాట మాత్రం ఏ ఊరి ఎఫ్.ఎం.లోనైనా వినిపించేదే. శ్రోతకు మాట దక్కింది. పాట పుట్టే చోటు మరొకటైంది.

2023లో ప్రసారభారతి ‘ఆల్ ఇండియా రేడియో’ అన్న ఆంగ్లనామాన్ని విడిచి ఆకాశవాణినే నిలుపుకొంది. అప్పటికే ఆకాశవాణి అనే పిలుచుకుంటున్న తెలుగు శ్రోతకు ఇందులో కొత్తదనం లేదు. ప్రైవేటు రంగంలో రేడియో మిర్చి తన పేరులోని ‘రేడియో’ను వదులుకొని మిర్చిగా మిగిలింది. ఒకటి సంప్రదాయాన్ని, మరొకటి విపణిని ఆశ్రయించాయి. పాట ఎక్కడ పుడుతుందన్న ప్రశ్న మాత్రం రెండుచోట్లా అలాగే ఉంది.

కావున నామాంతరాన్ని విలువకట్టవలసింది పేరులోని తెలుగుదనంతో కాదు, ఆ పేరు కింద రూపొందిన కృతులతో. మన సాహిత్యచరిత్రలు ముద్రిత గేయాన్నే లెక్కించాయి; బాణీతో మాత్రమే సంపూర్ణమైన రేడియో గేయానికి తగిన స్థానం ఇవ్వలేదు. ధ్వనిముద్రణలను గేయపాఠంతో, స్వరరచనతో జతచేసి పరిష్కరించడం తెలుగు శాఖలు చేపట్టవలసిన పని. అది జరగకపోతే పేర్ల చరిత్ర మిగులుతుంది, పాటల చరిత్ర మిగలదు.