చివరి బుడగ

కెమిస్ట్రీ ల్యాబ్‌లో ‘బీపీ ఎంతొచ్చింది?’ అని ఎవరైనా అడిగితే రక్తపోటు గురించి కాదు, బాయిలింగ్ పాయింట్ గురించి. తెలుగు పుస్తకాల్లో మరుగు స్థానమనీ, బాష్పీభవన స్థానమనీ అచ్చేస్తారు గానీ డిగ్రీ చదివిన మూడేళ్లూ నా చెవిన పడ్డ మాట బీపీయే. తమాషా ఏమిటంటే, ఈ బీపీ కూడా ఒత్తిడి మీదే నడుస్తుంది. ద్రవపు ఆవిరి ఒత్తిడి పైనున్న గాలి ఒత్తిడితో సమానమైన వేడి దగ్గర ద్రవం మరుగుతుంది.

పేరు తెలియని ద్రవాన్ని చిన్న సీసాలో పోసి ‘ఇదేమిటో చెప్పు’ అంటే మొదట్లోనే చూసే వాటిలో ఇదొకటి. అసిటోన్ 56 డిగ్రీల దగ్గర మరుగుతుంది, టోలీన్ 110.6 దగ్గర, అనిలీన్ 184 దగ్గర. సరుకు దండిగా ఉంటే ఫ్లాస్కులో పోసి డిస్టిల్ చేస్తూ, ఆవిరి పక్కగొట్టంలోకి మళ్లే చోట థర్మామీటర్ పెట్టి చూసుకోవచ్చు. కష్టపడి తయారుచేసుకున్నది నాలుగు చుక్కలే అయితే? ఆ నాలుగు చుక్కల కోసమే 1886లో సివొలొబాఫ్ అనే ఆయన జర్మన్ కెమికల్ సొసైటీ పత్రికలో ఒక ఉపాయం రాశాడు. మన డిగ్రీ ల్యాబుల్లో ఈనాటికీ చేయించేది దాన్నే.

వేలెడంత సన్నటి గాజుగొట్టం ఒకటి కావాలి. మేం ఇగ్నిషన్ ట్యూబ్ అనేవాళ్లం. అందులో ద్రవం నాలుగైదు చుక్కలు వేస్తారు. తర్వాత క్యాపిలరీ. జడపిన్నంత సన్నటి ఆ గొట్టం కొనని బర్నర్ మంట అంచున తిప్పుతూ ఉంటే గాజు ఎర్రబడి, కరిగి, మూసుకుపోతుంది. చెయ్యి తిరగనివాళ్లు మూశామనుకుంటారు గానీ కంటికి కనబడని రంధ్రం మిగిలిపోతుంది. అప్పుడిక ఎంత వేడి చేసినా ఫలితం ఉండదు. మూసిన కొన పైకి, తెరిచిన నోరు కిందికి ఉండేలా దాన్ని ద్రవంలో బోర్లించాలి. ఈ సరంజామానంతా థర్మామీటర్ బల్బు పక్కన ఆనించి, రబ్బరు ట్యూబులోంచి ఉంగరంలా కోసిన ముక్కతో కట్టి, పారఫిన్ నూనెలో దింపుతారు. ఆ ఉంగరం నూనెకి పైనే ఉండాలి. నాది ఒకసారి మునిగింది. వేడి నూనెలో రబ్బరు ఉబ్బి, సాగి, జారిపోయింది. ట్యూబ్ అడుక్కి చేరితే దాన్ని బయటికి తీయడానికి మా అటెండర్ ఒక పూటంతా సణిగాడు.

నూనె ఉండే పాత్ర పేరు థీలే ట్యూబ్. పక్కన చెవి ఉన్న పెద్ద పరీక్షనాళికలా ఉంటుంది. 1907 నాటి యోహానెస్ థీలే ఆలోచన ఇది. ఆ చెవి దగ్గర మంట పెడితే వేడెక్కిన నూనె తేలికై పైకెక్కి, ప్రధాన గొట్టంలోకి దిగి, చల్లబడుతూ మళ్లీ చెవిలోకి వస్తుంది. కలిపే పని లేదు. నూనె తనంతట తానే తిరుగుతుంది.

అసలు నైపుణ్యమంతా చూపులో ఉంది. మంట పెట్టిన కాసేపటికి క్యాపిలరీ నోటి నుంచి ఒక బుడగ, ఇంకాసేపటికి ఇంకొకటి వస్తాయి. కొత్తవాళ్లు ఇక్కడే ‘మరిగింది’ అని అరిచి అంకె రాసేసుకుంటారు. అది మరగడం కాదు, లోపల ఇరుక్కున్న గాలి వేడికి వ్యాకోచించి బయటపడటం. మరికొంత వేడెక్కాక బుడగలు పూసల దండలా ఎడతెగకుండా వస్తాయి. ఇప్పుడూ రాయకూడదు. అప్పటికి వేడి మరుగు స్థానాన్ని దాటిపోయింది. మంట తీసేయాలి. దండ తెగుతుంది, బుడగలు ఒక్కొక్కటిగా వస్తాయి, చివరిది నోటి దగ్గర వేలాడి వెనక్కి లాక్కున్నట్టు లోపలికి పోతుంది. దాని వెంటే ద్రవం క్యాపిలరీలోకి ఎక్కుతుంది. సరిగ్గా ఆ క్షణాన థర్మామీటర్ చూపించేదే మరుగు స్థానం. లోపల ఉన్నది ఇప్పుడు గాలి కాదు, ఆ ద్రవపు ఆవిరే. దాని ఒత్తిడి బయటి ఒత్తిడికి సమానమై, అప్పుడే తగ్గడం మొదలైంది. మరుగు స్థానాన్ని మరిగేటప్పుడు కాకుండా, మరగడం మానేటప్పుడు చదవాలన్నదే ఈ పద్ధతిలోని కిటుకు. ద్రవం ఎక్కిన క్యాపిలరీ మళ్లీ పనికిరాదు. ప్రతి రీడింగుకీ కొత్తది వేసుకోవాలి.

ఇంత జాగ్రత్తగా చూసినా హైదరాబాద్‌లో టోలీన్‌కి 110.6 రాదు. ఆ అంకె 760 మిల్లీమీటర్ల పాదరస ఒత్తిడికి చెప్పింది. సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున్న ఊళ్లో గాలి ఒత్తిడి 712 దరిదాపుల్లో ఉంటుంది. సిడ్నీ యంగ్ సూత్రం ప్రకారం ఆ 48 మిల్లీమీటర్ల తేడాని 0.00012తోనూ, కెల్విన్‌లో మరుగు స్థానమైన 383తోనూ గుణిస్తే రెండు డిగ్రీల పైచిలుకు తేలుతుంది. అంటే అక్కడ టోలీన్ 108 దాటీ దాటకుండానే మరగాలి. నీళ్లు 98 దగ్గరే తెర్లుతాయి. విశాఖ తీరాన మాత్రం పుస్తకంలోని అంకెలు దాదాపు అలాగే వస్తాయి. కాబట్టి హైదరాబాద్ రికార్డులో ఏ సవరణా లేకుండా 110.6 కనిపిస్తే, అది థర్మామీటర్ చెప్పింది కాదు, పట్టికలోంచి దిగినదని నా అనుమానం.

అంకె సరిపోయినంత మాత్రాన పేరు తేలిపోదు. ఇథైల్ ఎసిటేట్ 77 దగ్గర, ఇథనాల్ 78 దగ్గర మరుగుతాయి. వాటిని విడదీయాలంటే పళ్లవాసనో, అయోడోఫామ్ పరీక్షో కావాలి. ఒకే వేడి దగ్గర నిలకడగా మరిగితే స్వచ్ఛమైనదనుకోవడమూ పొరపాటే. నూటికి 95.6 పాళ్లు ఇథనాల్, మిగతాది నీరు అయిన మిశ్రమం 78.2 దగ్గర స్థిరంగా మరుగుతుంది. శుద్ధ ఇథనాల్ కంటే ఒక పిసరు తక్కువ. దీనికి ఎదురు సంగతి మన వంటింట్లో ఉంది. అరిసెల పాకంలో నీరు ఆవిరయ్యేకొద్దీ బెల్లం చిక్కబడి మరిగే వేడి పెరుగుతూ పోతుంది. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేసి, వేళ్లతో ఉండ చుట్టి చూసే అమ్మకి అది 115 దరిదాపుల్లో ఉందని తెలియదు. తెలియాల్సిన అవసరమూ రాలేదు.

రసాయనాల పరీక్షలకు ఓఈసీడీ ఇచ్చిన 103వ మార్గదర్శకం అంగీకరించే పద్ధతుల్లో సివొలొబాఫ్‌దీ ఒకటి. బుడగలను కంటికి బదులు ఫోటోసెల్‌తో లెక్కించే రకం కూడా అందులో ఉంది. ఇప్పటి ల్యాబుల్లో స్వచ్ఛతని గ్యాస్ క్రొమటోగ్రఫీ ఇంకా నిక్కచ్చిగా తేలుస్తుంది, నిజమే. అయితే ఆ యంత్రం ధరకి ఎన్ని కాలేజీలకు క్యాపిలరీలు కొనివ్వొచ్చో!

ఫైనల్ ప్రాక్టికల్స్ రోజు నాకు పడ్డది టోలీనే. మూడు క్యాపిలరీలు మార్చాను. 108, 108.5, 108 వచ్చాయి. ఎక్స్‌టర్నల్ కళ్లద్దాలు పైకి తోసుకుని, ‘పుస్తకంలో ఎంతుందమ్మా?’ అన్నారు. ‘110.6 సార్.’ ‘మరి?’ ఆయన వెనక గోడకి బారోమీటర్ వేలాడుతూనే ఉంది. దాన్ని చూపించాలని అప్పుడు నాకు తట్టలేదు. 108 కొట్టేసి పక్కన 110 రాశాను. మార్కులు బాగానే పడ్డాయి. ఆ రికార్డు ఇప్పటికీ అటక మీద ఉంది. గీత కింద 108 స్పష్టంగా కనబడుతుంది.