పదిహేడేళ్ల పాట ఎవరి సొత్తు?

ఒలీవియా రోడ్రీగో అనే అమెరికన్ గాయనిని గురించి మన విద్యార్థి మిత్రుల్లో రెండు రకాల మాటలు వింటున్నాను. ఆమె తన హృదయాన్ని విప్పి చెప్పింది గనుకనే లోకం కరిగిపోయిందని కొందరంటారు. అదంతా డిస్నీ కంపెనీ తయారుచేసి వదిలిన సరుకు, దానిమీద విమర్శ ఏమిటని మరికొందరు కొట్టిపారేస్తారు. రెండోమాట అభ్యుదయంగా వినిపిస్తుంది గనుక అందులో ఆలోచన వున్నదనే భ్రమ కలుగుతుంది. నా మట్టుకు ఈ రెండింటి లోపమూ ఒకటే. రెండింటిలోనూ పని కనిపించదు. పాట కట్టిన పిల్ల పనిచేసింది. ఆ పనికి ఒక చోటు వుంది, వేళలున్నాయి, యజమాని వున్నాడు, ఒప్పందం వుంది. వీటిని పక్కన పెట్టి పాటను పొగిడినా తిట్టినా ఒక్కటే.

ఆమె 2003లో కాలిఫోర్నియాలో పుట్టింది. 2016లో డిస్నీ ఛానల్ వారి 'బిజార్డ్‌వార్క్' ధారావాహికలో వేషం దొరికేనాటికి ఆమెకు 13 ఏళ్లు. హాస్యగీతాలు కట్టి వీడియోలు తీసే పిల్ల పాత్ర అది. పాత్ర గిటారు వాయించాలి గనుక ఆమె గిటారు నేర్చుకుంది. ఇది చిన్న విషయమే గాని, దీన్ని దాటిపోవడానికి నాకు మనసొప్పదు. రేపు తన సొంత పాటలు కట్టుకోవడానికి పనికివచ్చే పనిముట్టు ఆమె చేతికి కొలువు అవసరంగా వచ్చింది. ప్రతిభ ఆకాశం నుంచి వూడిపడుతుందని నమ్మేవారు ఈ సంగతి కాస్త ఆలోచించాలి.

2019లో 'హైస్కూల్ మ్యూజికల్' పేర వచ్చిన మరో ధారావాహికలో ఆమె నీనీ అనే పాత్ర ధరించింది. దానికోసం 'ఆల్ ఐ వాంట్' అనే పాటను తనొక్కతే రాసింది. అప్పటికి 16 ఏళ్లు. రాసింది ఒక పిల్ల, కథలో పాడవలసింది మరొక పిల్ల. నాటకం తెలిసినవారికి ఇందులో వింత లేదు. పాత్ర నోట పలికే పద్యం పాత్రకు ఒదగాలి, నటుడి గొంతుకూ ఒదగాలి. తన దినచర్యను చదివి వినిపిస్తున్నట్టుండే ఆమె పద్ధతి ఇక్కడే, పాత్రకు పాట కట్టడంలోనే, పదునెక్కింది. ఆత్మనివేదన కూడా నేర్చుకోవలసిన శిల్పమే. అలా అన్నంత మాత్రాన అది దొంగ ఏడుపు అయిపోదు.

2021 జనవరిలో 'డ్రైవర్స్ లైసెన్స్' వచ్చింది. డాన్ నీగ్రో అనే సంగీతకారుడితో కలిసి రాసిన పాట. అమెరికా పాటల పట్టికలో వరసగా 8 వారాలు అగ్రస్థానంలో వుంది. పాటలోని ప్రియుడెవరో కనిపెట్టడానికి పత్రికలు చాలా శ్రమపడ్డాయి. నన్నాకర్షించింది ప్రియుడు కాదు, ఆ లైసెన్సు. కారు లేకుంటే పక్క పేటకు కూడా పోలేని శివారు బస్తీలు అవి. అక్కడ సర్కారు ఇచ్చే ఆ కార్డే యుక్తవయస్సుకు పత్రం. స్వేచ్ఛ చేతికి వచ్చింది, పోవలసిన యిల్లు మాత్రం లేకుండాపోయింది. విరహానికి వెన్నెలా కోయిలా కాకుండా రోడ్డూ కార్డూ వస్తువులుగా దొరకడం వాస్తవికతే అనక తప్పదు. ఇంతకూ కౌమారపు విరహాన్ని చూసి మనం ముక్కు చిట్లించనక్కరలేదు. 1928లో 'ప్రభవ' వేసేనాటికి శ్రీశ్రీ కూడా 18 ఏళ్ల భావకవే.

అయితే ఈ రెండు పాటలకూ మధ్య అసలు దూరం శిల్పంలో లేదు, యాజమాన్యంలో వుంది. మొదటిది డిస్నీ వారి రికార్డుల సంస్థ ద్వారా వెలువడింది. 2020లో మరో సంస్థతో ఒప్పందం చేసుకునేటప్పుడు ఆమె తన మూలముద్రణల మీద హక్కు తనకే వుండాలని పట్టుపట్టి సాధించుకుంది. టేలర్ స్విఫ్ట్ తొలి 6 ఆల్బముల ముద్రణలు 2019లో ఆమె ఇష్టంతో నిమిత్తం లేకుండా చేతులు మారాయి. వాటిని ఆమె 2025లో గాని తిరిగి కొనుక్కోలేకపోయింది. ఈ తగవునుంచి పాఠం తీసుకున్నానని ఒలీవియాయే చెప్పింది. మన దేశంలో 2012 కాపీరైటు సవరణ దాకా సినిమా కవి హక్కులన్నీ నిర్మాతకు రాసిచ్చేయడమే ఆనవాయితీ. రాయల్టీలో తన వాటాను వదులుకోమన్నా చెల్లదని ఆ సవరణ చెప్పింది.

సొత్తు అన్నాక సరిహద్దు తగాదాలు తప్పవు. 'గుడ్ ఫర్ యూ' పాట వచ్చిన మూడు నెలలకు, 2021 ఆగస్టులో, పరమోర్ అనే బృందానికి చెందిన ఇద్దరి పేర్లు రచయితల జాబితాలో చేరాయి. బాణీ పోలిక ఎవరి పొలంలోకి ఎంత జరిగిందో కొలవడం మొదలుపెడితే, మన బుర్రకథల వాళ్లలో దోషులు కానివాడు ఒక్కడూ మిగలడు.

2021 మే నెలలో వచ్చిన 'సవర్' ఆల్బములో మొదటి పాట 'బ్రూటల్'. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. కౌమారాన్ని బంగారు కాలమని అమ్మేవారి మీద కసితో రాసింది. అలసట, తనమీద తనకే రోత, కొలువు మానేద్దామన్న ఆలోచన కూడా అందులో తొంగిచూస్తాయి. ఆ వయసు పిల్ల పాటలోకి కొలువు అన్న మాట ఎలా వచ్చింది? పదమూడో ఏటినుంచి కొలువు చేస్తున్నది గనుక వచ్చింది. కాని ఆ కోపం యజమాని గుమ్మందాకా పోయి వెనక్కి తిరుగుతుంది. తన అందం మీదికీ, తన తెలివి మీదికీ మళ్లుతుంది. ఇదీ ఆ పాట పరిమితి. దాన్ని దాచి మెచ్చుకోవడం నా వల్ల కాదు.

కాలిఫోర్నియా చట్టం ప్రకారం బడి వున్న రోజుల్లో 9 నుంచి 15 ఏళ్ల నటులు 5 గంటలు పని, 3 గంటలు చదువు, 1 గంట విశ్రాంతి కింద సెట్టు మీద 9 గంటలు వుండవచ్చు. ఈ రక్షణలు దయవల్ల వచ్చినవి కావు. 1921లో చాప్లిన్ 'ది కిడ్'లో నటించిన జాకీ కూగన్ పెద్దవాడై లెక్క అడిగేసరికి, బాల్యంలో గడించినదాన్ని తల్లీ మారుతండ్రీ దాదాపు హరించేశారు. అతను 1938లో కోర్టుకెక్కాడు, 1939లో చట్టం వచ్చింది. పిల్లల ఆర్జన పిల్లలదే, అందులో 15 శాతం యజమానే విడిగా జమచేయాలి అన్న నియమం రావడానికి 2000 దాకా పట్టింది.

మన 2017 నిబంధనలు శాతం విషయంలో ఇంకా ఉదారంగానే వున్నాయి. బాలనటులకు రోజుకు 5 గంటలే పని, జిల్లా మేజిస్ట్రేటు అనుమతి వుండాలి, సంపాదనలో కనీసం 20 శాతం జాతీయం చేసిన బ్యాంకులో బిడ్డ పేర డిపాజిట్టు చేయాలి. కాని ఆ చట్టంలో బిడ్డ అంటే 14 ఏళ్లు నిండనివారే. ఆపై వయసు నటీనటులకు ఆ 20 శాతం వర్తించదు. ఒలీవియా 'ఆల్ ఐ వాంట్' రాసింది పదహారో ఏట.