కాలేజీ జట్లూ, నోటి మాటలూ

అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి 2023 ఆసియా క్రీడల్లో బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణం గెలిస్తే కోనసీమంతా పొంగింది. మేమూ పొంగాం. అయితే పత్రికలు పదేపదే చెప్పిన కథ ప్రతిభ, పట్టుదల గురించే. ఇంట్లో వ్యాయామ ఉపాధ్యాయుడైన తండ్రి ఉండటం, 2014లో గోపీచంద్ అకాడమీ దొరకడం ఆ కథకు అలంకారాలయ్యాయి గాని కారణాలు కాలేదు. ఆయన గెలుపును తగ్గించడం మా ఉద్దేశం కాదు. ఆ మెట్లు లేని పేటల పిల్లల సంగతేంటన్నదే మా ప్రశ్న.

ఆ పిల్లలకు దొరికే మెట్టు చాలాసార్లు కాలేజీ జట్టే. కబడ్డీయో వాలీబాలో బాగా ఆడితే కబురొస్తుంది. ఫీజు లేదు, హాస్టలు మాది, మిగతాది మేం చూసుకుంటాం అంటారు. కాలేజీ ఇచ్చేది నోటి మాట. పిల్లవాడు ఇచ్చేది ఒరిజినల్ సర్టిఫికెట్లూ, తన ఒళ్ళూ. మోకాలు పోయిన రోజున మాటా పోతుంది. ఫీజు బకాయి మాత్రం పుట్టుకొస్తుంది. ఒరిజినల్స్ అట్టేపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే ఆదేశించినా, అడిగే ధైర్యం ఎవరికుంది? మన తాతల పాలేరుతనమూ నోటి ఒప్పందమే గదా!

కాగితం ఉంటే చాలా? చాలదు. అమెరికా కాలేజీల్లో 1964 నుంచి 2024 దాకా ఆటగాళ్ళ చేత ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టించుకునే పద్ధతి నడిచింది. కాని 1973 తర్వాత దాదాపు నలభై ఏళ్ళు అక్కడి స్కాలర్‌షిప్పుకు ఒక్క ఏడాదే హామీ. షరతులు ఎవరు రాశారన్నదే అసలు సంగతి.

మన దేశంలో ఈ బేరం పాతదే. పల్వంకర్ బాలూను పూనా హిందూ క్లబ్బు బౌలింగు కోసం పిలిచింది. టీ మాత్రం పెవిలియన్ బయట, మట్టి కప్పులో. 1911 ఇంగ్లండు పర్యటనలో 114 వికెట్లు తీసినా హిందూ జట్టు నాయకత్వం ఆయనకు ఇవ్వలేదు. వాళ్ళకు కావలసింది చేయి, మనిషి కాదు.

ఉచితంగా చదువు చెబుతుంటే షరతులేంటి అనేవాళ్ళున్నారు. ఉచితమెక్కడ? కప్పులూ, ఫోటోలూ, మరుసటేడు అడ్మిషన్లూ కాలేజీవే గదా. అది దయ కాదు, బేరం. బేరమైతే రెండు వైపులా రాతకోతలుండాలి: కోర్సు పూర్తయ్యేదాకా హామీ, దెబ్బ తగిలితే వైద్యం, ఆట మానినా చదువు, సర్టిఫికెట్లు పిల్లల చేతిలో. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో విద్యార్థి సంఘాలు అడ్మిషన్ల వేళ అడగాల్సింది ఇదే. టీచర్లు సాక్షి సంతకం పెట్టాల్సిందీ దీని మీదే.