మడమా? మునివేళ్లా?

వీడియో గేమ్‌లలో మొదటినుంచీ చేతికే పెద్దపీట. 1982లో నింటెండో ఇంజినీరు గున్‌పే యొకోయి డాంకీ కాంగ్ బుల్లి గేమ్‌కు ప్లస్ ఆకారపు మీట పెట్టాక, ఆటంతా బొటనవేళ్ల పనైపోయింది. తొంభైలలో బెజవాడ ఇళ్లలో టీవీకి తగిలించుకున్న క్యాసెట్ గేమ్‌లకూ అదే మీట. దాంతోపాటు ప్లాస్టిక్ తుపాకీ వచ్చేది. బాతును గురిచూసి ట్రిగ్గర్ నొక్కగానే తెర లిప్తపాటు నల్లబడి, బాతున్న చోట తెల్ల గడి మెరిసేది. తుపాకీ గొట్టంలోని సెన్సార్ ఆ వెలుగును పట్టుకునేది. అంటే తూటా టీవీలోంచి తుపాకీలోకి వచ్చేదన్నమాట! డబ్బా టీవీలతోనే దాని కథా ముగిసింది.

నాకిష్టమైంది కాళ్లతో ఆడే డాన్స్ మ్యాట్. 1986లోనే జపాన్‌లో బాండాయ్ కంపెనీ ఫ్యామిలీ ట్రైనర్ పేరుతో కాలి మ్యాట్ తెచ్చింది. 1998లో కొనామి వారి డాన్స్ డాన్స్ రివల్యూషన్‌తో ఈ ఆటకు ఊపొచ్చింది. ఇంట్లో వాడే మ్యాట్ లోపల రెండు పొరలు, మధ్యన చిల్లులున్న స్పాంజి. కాలు పడితే చిల్లులోంచి పై పొర కింది పొరను తాకుతుంది, అంతే. మన టైల్స్ మీద జారుతుంది గనుక అడుగున జంపఖానా పరవాలి.

ఈ మ్యాట్ మీద ఆడేందుకు స్టెప్‌మేనియా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఏ పాటకైనా మన అడుగులు మనమే రాసుకోవచ్చు. నేను సినిమా పాటలు పక్కనపెట్టి నాట్యంలోని జతులు రాస్తున్నాను. ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కో దెబ్బను 48 భాగాలు చేస్తుంది. తకిట, తకధిమి చక్కగా ఇమిడిపోతాయి. అయిదు అక్షరాల తకతకిట దగ్గరే చిక్కు. 48 అయిదుతో తెగదు. అడుగును దగ్గరి గీతకు జరపాలి. తేడా చెవికి అందదు, నిజమే. కానీ ఈ అయిదు అక్షరాల నడకను, అంటే ఖండగతిని మనసులో పెట్టుకుని గీసిన కొలబద్ద కాదది.

అంతకన్నా పెద్ద లోటు మ్యాట్‌లోనే ఉంది. బాణం గుర్తు మీద కాలు ఎప్పుడు పడిందో దానికి తెలుసు. ఎడమదో కుడిదో, మడమో మునివేళ్లో తెలియదు. మొవ్వ పక్కన కూచిపూడిలో పిల్లలకు గురువులు దిద్దేదే అది కదా! కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలిచిన నర్తకి బరువు కాస్త అటూ ఇటూ అయినా పళ్లెం ఊరుకోదు. సింహనందిని అనే నృత్యం మరీ అద్భుతం. 128 అక్షరాల తాళానికి ఆడుతూ పాదాలతోనే సింహం బొమ్మ గీస్తారు. ఏ అడుగు ఎలా పడిందో ఆ బొమ్మలో కనబడిపోతుంది.

మన మ్యాట్‌కూ ఆ తెలివి అబ్బుతుందని నా నమ్మకం. ఒక్కో గుర్తు కింద ముందొకటి, వెనకొకటి ఒత్తిడి సెన్సార్లు పెట్టి ఆర్డునో బోర్డుకు కలిపితే మడమ, మునివేళ్లు వేరువేరుగా నమోదవుతాయి. బెజవాడ చుట్టూ ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. ఈ ఏడాది ఏ విద్యార్థులైనా దీన్ని ప్రాజెక్టుగా తీసుకుంటే, జతులు రాసిచ్చే పని నాది.