‘సైనస్’ చికిత్సలో యాంటీబయాటిక్‌ల పోలిక: పదజాల విమర్శ

ఒక వ్యాధికి వాడే మందులను పోల్చి చెప్పేటప్పుడు భాష నిష్పాక్షికమైన పాత్ర మాత్రమే వహిస్తుందని భావిస్తాం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల వాడుకలోని మూడు మాటల ఆధారంగా ఈ భావనను పరిశీలించడం ప్రస్తుత వ్యాస ఉద్దేశం.

మొదటిది ‘సైనస్’. ఇది ముఖపు ఎముకల్లోని గాలి గది పేరు. గది పేరు అందులోని వాపుకు చెల్లడం ఆధారాధేయ సంబంధం వల్ల ఏర్పడిన లక్షణ. ఆలంకారికులు దీన్ని దోషంగా ఎంచరు. అయితే “సర్ది అయింది” అన్నప్పుడు తగ్గిపోయే స్థితి స్ఫురిస్తుంది. “సైనస్ ఉన్నది” అన్నప్పుడు మందు లేనిదే వదలని రోగం స్ఫురిస్తుంది.

రెండవది ‘సూక్ష్మజీవనాశకం’. సూక్ష్మజీవి అనే మాటలో వైరస్‌ను కూడా చేర్చి పాఠం చెబుతున్నాం. యాంటీబయాటిక్ వైరస్‌పై పనిచేయదు. జలుబు వెంట వచ్చే సైనస్ వాపు అధికభాగం వైరస్ వల్లనే కలుగుతుంది. ఆ తేడాను పారిభాషిక పదమే చెరిపివేస్తున్నది. ‘బాక్టీరియా నాశకం’ అనడం ఇంతకంటే నిర్దుష్టం.

మూడవది ‘ఎక్కువ పవర్ గోళీ’. ఈ మాట మందులను బలాన్ని బట్టి మెట్లుగా పేరుస్తుంది. ప్రాథమిక వైద్యంలో పెద్దల సైనస్ వాపుపై 2014లో వెలువడిన కాక్రేన్ సమీక్ష 63 అధ్యయనాలను పరిశీలించి, ఏ యాంటీబయాటిక్ కూడా మరొకదానికంటే మేలైనదిగా తేలలేదని పేర్కొన్నది. 2018 నాటి మరో కాక్రేన్ సమీక్ష ప్రకారం యాంటీబయాటిక్ లేకుండానే వారంలో 46 శాతం, రెండు వారాల్లో 64 శాతం మంది కోలుకున్నారు. మందు వల్ల నూటికి 5 నుంచి 11 మంది అదనంగా త్వరగా కోలుకోగా, 13 మందికి అదనంగా దుష్ప్రభావాలు కలిగాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో అమాక్సిసిలిన్ ‘అందుబాటు’ వర్గంలోను, అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ ‘నిఘా’ వర్గంలోను ఉన్నాయి. నిఘాకు కారణం నిరోధకత పెరిగే ప్రమాదమే. ‘పవర్’ అనే మాట ఈ ప్రమాదాన్ని గుణంగా చూపుతున్నది.

“గోళీ వేసుకున్నాను, తగ్గింది” అనే వాక్యంలో ముందు జరిగినది కారణంగా ధ్వనిస్తుంది. గోళీ వేసుకోనివారు ఎందరు కోలుకున్నారన్న ప్రశ్నకు ఆ వాక్యంలో చోటు లేదు. పోలికకు ప్రాణం ఆ ప్రశ్నే.

మందుల వాడకాన్ని నిర్ణయించేది మాటలు కావు, వైద్యుని కొరత, దుకాణపు అలవాటు అని ఆక్షేపించవచ్చు. అందులో నిజం ఉన్నది. పదం మార్చినంత మాత్రాన వైద్యుడు రాడు. కాని వనపర్తి, నాగర్‌కర్నూలులో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. అక్కడి విద్యార్థి ఆంగ్లంలో చదివిన సాక్ష్యాన్ని రోగికి తెలుగులోనే చెప్పాలి. పది రోజులు దాటినా తగ్గకపోవడం, తగ్గి మళ్లీ ముదరడం, తీవ్ర జ్వరం, కంటి చుట్టూ వాపు వంటి లక్షణాలుంటే వెంటనే వైద్యుణ్ణి కలవాలనీ, లేకుంటే కొన్నాళ్లు వేచి చూడవచ్చనీ చెప్పడానికి కొత్త పదాలు అక్కరలేదు. ‘సర్ది’ వంటి తగ్గిపోయే మాటలు మన వాడుకలో ఉన్నాయి. వాటిని వైద్యరచనలోకి తేవడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని.