చింతకొమ్మ మీద రాగితీగ

తిరువళ్లూరులో ఇళ్ల మధ్య హ్యామ్ రేడియోలో 40 మీటర్ల బ్యాండ్ పెడితే ఇన్వర్టర్ల రొద, ఎల్ఈడీ దీపాల రొద తప్ప ఏమీ వినపడదు. అందుకే మామ, నేను బ్యాటరీ, రేడియో సర్దుకుని తిరుత్తణి పక్క పొలాల్లోకి పోతాం.

మామ పనితనం అక్కడ చూడాలి. సన్నటి నైలాన్ తాడుకు బరువు కట్టి, ఒక్క విసురుతో చింతకొమ్మ దాటిస్తాడు. దాని వెంట రాగితీగ పైకి పాకుతుంది. ఇటు సుమారు 10 మీటర్లు, అటు 10 మీటర్లు, రెండూ కలిపి 7.1 మెగాహెర్ట్జ్ అలలో సగం పొడవు. ఆపైన మీటరు చూస్తూ, తీగ కొసలు బెత్తెడు బెత్తెడుగా మడుస్తూ కూర్చుంటాడు. నాకు అన్నింటికన్నా ఇష్టమైన ఘడియ అదే.

“తొందరేం లేదు అల్లుడూ, ముందు విను.”

పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకునేదాకా నా పని వినడమే. బలహీనమైన గొంతును రొదలోంచి ఏరుకోవడం ఎంత గొప్ప విద్యో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. 2004 డిసెంబరు సునామీకి అండమాన్‌లో ఫోన్లు మూగబోతే, పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న హ్యామ్ భారతీ ప్రసాద్, ఆమె బృందం క్షేమసమాచారాలు చేరవేసింది ఈ విద్యతోనే.

ఇక 2 మీటర్ల బ్యాండ్‌కైతే ఇంకా ఎత్తు కావాలి. ఈసారి చేతిసెట్టు పట్టుకుని కొండెక్కుదామన్నాడు మామ.