కుప్పంలో సముద్రం లేదు

మద్రాసు తీరంలో జాలరిపేటల్ని కుప్పాలంటారు. నొచ్చికుప్పం, ఊరూరుకుప్పం... పేరులోనే ఉప్పుగాలి తగులుతుంది. మన కుప్పంలో మాత్రం సముద్రం లేదు. పుంగనూరులోనూ లేదు. మదనపల్లె సంగతి సరేసరి, సముద్రమట్టానికి ఇంచుమించు 700 మీటర్ల ఎత్తున కూర్చుంది. ఇలాంటి ఊళ్లలో పెరిగినదానికి, అలల మీద పలకేసుకుని నిలబడే సర్ఫింగ్ పుస్తకాలతో ఏం పని అంటారా? ఉంది.

చిన్నప్పుడు మొదటిసారి మెరీనాకి పోయినప్పుడు మా అమ్మ నా జడ పట్టుకునే నిలబడింది. తమ్ముడు నడుంలోతు దాకా పోయాడు. నాతో మాత్రం, "కాళ్లు తడిసినాయి గదా, చాలు రామ్మే" అంది. ఆ మాట మనసులో పెట్టుకునే ఈ పుస్తకాలు చదివాను.

జాక్ లండన్ 1907లో హవాయి దీవుల్లో, వైకీకీ తీరాన ఈ ఆట నేర్చుకున్నాడు. ఆ వ్యాసం అదే ఏడాది ఓ అమెరికా ఆడవాళ్ల పత్రికలో వచ్చి, 1911లో 'ది క్రూయిజ్ ఆఫ్ ది స్నార్క్' పుస్తకంలో చేరింది. చదివిస్తాడు, సందేహం లేదు. అలలో నీరు ముందుకు పరిగెత్తదనీ, కదలికే పాకుతూ వస్తుందనీ చంటిపిల్లలకి చెప్పినట్టు చెప్తాడు. ఎండకి ఒళ్లు కాలి మంచమెక్కిన వైనమూ దాచలేదు. అయితే ఆయన వర్ణనలో అల శిఖరాన నిలబడ్డది మగవాడే. వాడే రాజు, వాడే దేవుడు. ఆ దీవుల్లోనే కాఅహుమాను రాణి అలల స్వారీలో పేరుమోసింది మరి!

1957లో ఫ్రెడరిక్ కోనర్ 'గిడ్జెట్' నవల రాశాడు. మాలిబూ తీరంలో తన కూతురు చేసిన సర్ఫింగే దానికి ఆధారం. ఆ పిల్ల హుషారు మన పక్కింటమ్మాయిలానే ఉంటుంది. 1959లో సినిమా కూడా అయింది. కానీ ఏం లాభం? గొంతు అమ్మాయిది, కలం నాన్నది.

నాకు నచ్చింది అగాథా క్రిస్టీ. హత్యల నవలలావిడే! 1977లో అచ్చయిన ఆత్మకథలో, 1922లో భర్తతో దక్షిణాఫ్రికాలోనూ హొనొలులులోనూ అలలెక్కిన ముచ్చట చెప్పింది. పగడపు దిబ్బలకి పాదాలు కోసుకుపోవడం, పట్టు ఈతదుస్తులు అల దెబ్బకి చిరిగిపోవడం, పచ్చటి ఉన్నిదుస్తులు కొనుక్కోవడం... చివరికి నిలబడడం! రాజూ లేడు, దేవుడూ లేడు. పడింది, లేచింది, అంతే. ఓడ టికెట్టూ హోటలు గదీ అందరికీ దొరికేవి కావు, నిజమే. కానీ చిరిగిన బట్ట సంగతి చెప్పుకుని తనే నవ్వడం డబ్బుతో రాదు.

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఈ ఆట తొలిసారి చేరింది, ఆడవాళ్లకీ మగవాళ్లకీ కూడా. మద్రాసు దాపున కోవళంలో జాలరి కుర్రాళ్లు ఇందులో ఆరితేరారు. నిరుడు మా మనవరాలు అక్కడే పలకెక్కింది. మూడుసార్లు బోల్తాపడి నాలుగోసారి నిలబడిందట. "అవ్వా, నువ్వు బాగా రాస్తావు గదా, నా కథ రాయి" అంది ఫోన్లో.

చెయ్యి దురద పెట్టిన మాట నిజమే. అయినా వద్దన్నాను.

"ఉప్పునీళ్లు మింగింది నువ్వు. నువ్వే రాయమ్మా!"